చేతులు కడుగుకొనుడని చెప్పిన వైద్యుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున మహనీయుల చరిత్రలను స్మరించుట ఆచారము. రాజ్యములు గెలిచినవారి చరిత్రలును, కావ్యములు రచించినవారి చరిత్రలును బీరువాలలో పెక్కు గలవు. నేడు స్మరింపబడు పురుషుడు రాజ్యమును గెలువలేదు. గెలువవలసిన వాదమునైనను బ్రదికియుండగా గెలువలేదు. ఆయన లోకమునకు చెప్పిన మాట మిక్కిలి చిన్నది. బాలింతరాలిని ముట్టుటకు ముందు చేతులు కడుగుకొనుడని మాత్రమే ఆయన చెప్పెను. ఇంత చిన్న మాట చెప్పి ఒక వైద్యుడు కొలువు పోగొట్టుకొని, ఊరు విడిచి, నిందలు పడి, తుదకు దిక్కులేని చావు చచ్చెననిన నమ్మశక్యము కాదు. కాని అది జరిగినది. ఆయన పేరు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్వైసు. ఆయన హంగరీ దేశీయుడు, ప్రసూతి వైద్యమున ఆచార్యుడు.

కాన్పు స్త్రీకి పునర్జన్మమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట ఊరక పుట్టినది కాదు. బిడ్డ భూమిమీద పడును. తల్లి తెప్పరిల్లి, బిడ్డ ముఖము చూచి నవ్వును. ఇంటివారు గండము గడచినదని ఊరట చెందుదురు. రెండవనాడో మూడవనాడో ఆమెకు చలి పుట్టును. పిమ్మట ఒళ్లు పెనమువలె కాలును. పొత్తికడుపు ఉబ్బి, చేయి వేయనీయదు. నాడి పరువెత్తును, మాట తడబడును. వారము తిరుగకుండ ప్రాణము పోవును. దీనికి సూతికాజ్వరమని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని గొప్ప గొప్ప ఆసుపత్రులలో ఈ జ్వరము ఇంటిలో పురుడు పోసికొన్నవారికంటె ఆసుపత్రికి వచ్చినవారినే ఎక్కువగా హరించుచుండెను. ప్రాణము నిలుపుటకు కట్టిన ఇంట ప్రాణము పోవుట ఏల? ఈ ప్రశ్నయే సెమ్మెల్వైసు జీవితమంతయు.

ఆయన 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన డాన్యూబు నది ఒడ్డున గల బుడా పట్టణమున జన్మించెను. నదికి ఆవలి ఒడ్డున పెస్టు పట్టణము గలదు. ఈ రెండును ఓబుడాతో కలిసి 1873లో బుడాపెస్టు అను ఒకే నగరమయ్యెను. తండ్రి పచారి సరకుల వర్తకుడు, కలిగినవాడు. పదిమంది సంతానములో ఇగ్నాజ్ ఐదవవాడు. ఇంటి భాష జర్మను, దేశభాష హంగేరియను. రెండు భాషల నడుమ పెరిగిన ఆ బాలునకు వ్రాత యనిన మొదటినుండియు విముఖత. ఈ సంగతిని పెద్దవాడైన పిమ్మట ఆయనయే ఒప్పుకొనెను. ఆ విముఖత వలన కలిగిన నష్టము ముందు తెలియగలదు.

1837లో ఆయన న్యాయశాస్త్రము చదువుటకు వియన్నా నగరమునకు పోయెను. మరుసటి సంవత్సరమే న్యాయశాస్త్రమును విడిచి వైద్యశాస్త్రమున చేరెను. ఆ కాలమున వియన్నా వైద్య విద్యాలయమున గొప్ప ఆచార్యులు ఉండిరి. రొకిటాన్‌స్కీ వేలకొలది శవములను కోసి చూచి, ఏ రోగమున లోపలి ఏ అవయవము ఎట్లు చెడునో నిరూపించెను. ష్కోడా రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టియు, చెవియొగ్గి వినియు రోగమును పసిగట్టు విద్యయందు ప్రవీణుడు. హెబ్రా చర్మరోగ శాస్త్రమునకు దారి తీసినవాడు. ఊహను నమ్మక కంటితో చూచినదానిని నమ్మవలెననునది వీరి మతము. సెమ్మెల్వైసు వీరి శిష్యుడై, తరువాత మిత్రుడయ్యెను. 1844లో వైద్య పట్టమును పొందెను. ష్కోడా యొద్ద సహాయకుడుగా చేరగోరెను గాని ఆ స్థానము లభింపలేదు. అందుచే అంతగా గౌరవము లేని ప్రసూతి వైద్యము వైపునకు తిరిగెను. 1846 జూలై 1వ తేదీన వియన్నా మహావైద్యశాలలో, మొదటి ప్రసూతి విభాగమునందు, ఆచార్య క్లైను క్రింద సహాయ వైద్యుడుగా నియుక్తుడయ్యెను.

ఆ వైద్యశాల 1784లో రెండవ జోసఫు చక్రవర్తి స్థాపించినది. పేదరాండ్రకు అక్కడ ఉచితముగా పురుడు పోయుదురు. అందులకు బదులుగా ఆ స్త్రీలు విద్యార్థుల శిక్షణకు ఒప్పుకొనవలెను. ప్రసూతి విభాగములు రెండు. 1840 నుండి మొదటి విభాగమున వైద్య విద్యార్థులును, రెండవ విభాగమున మంత్రసానులును శిక్షణ పొందుచుండిరి. ఒక దినమున వచ్చిన స్త్రీలను ఒక విభాగమునకు, మరుదినమున వచ్చినవారిని మరియొక విభాగమునకు పంపుచుండిరి. ఏ విభాగమున చేరవలెననునది స్త్రీ యిచ్ఛపై గాక, ఆమెకు నొప్పులు వచ్చిన దినముపై ఆధారపడియుండెను.

ఇచ్చట లెక్కలు కొంచెము వినవలెను. 1841 మొదలు 1846 వరకు ఆరు సంవత్సరములలో మొదటి విభాగమున 20,042 కాన్పులు జరుగగా 1,989 మంది తల్లులు మరణించిరి. అనగా నూటికి ఇంచుమించు పదిమంది. అదే కాలమున రెండవ విభాగమున 17,791 కాన్పులలో 691 మంది మరణించిరి. అనగా నూటికి నలుగురికంటె తక్కువ. 1842వ సంవత్సరమునందైతే మొదటి విభాగమున నూటికి దాదాపు పదియారుగురు పోయిరి. ఒకే గోడకు ఇరువైపుల నున్న గదులవి. ఆహారము ఒక్కటే, గాలి ఒక్కటే, వచ్చు పేదరాండ్రు ఒక్క తీరువారే. విద్య నేర్చిన వైద్యుల పక్షమున చావులు హెచ్చు, చదువు తక్కువైన మంత్రసానుల పక్షమున చావులు తక్కువ.

ఈ రహస్యము గొప్ప వైద్యులకు పట్టలేదు గాని వియన్నాలోని పేదరాండ్రందరికి తెలియును. మొదటి విభాగమునకు పొమ్మనినప్పుడు వారు మోకాళ్లమీద పడి, చేతులు జోడించి, తమ్ము రెండవదానికే పంపుమని ఏడ్చుచుండిరి. కొందరు దారిలోనే, వీధిలోనే ప్రసవించి, బిడ్డతో ఆసుపత్రికి వచ్చుచుండిరి. విచిత్రమేమనగా, వీధిలో దిక్కులేక కన్న ఈ తల్లులకు సూతికాజ్వరము అరుదుగా వచ్చుచుండెను. వీధికంటె వైద్యశాల ప్రమాదకరమైనదా? ఈ ప్రశ్న సెమ్మెల్వైసునకు కంటికి కునుకు లేకుండ చేసెను.

అప్పటి పండితులు గాలిలోను భూమిలోను ఏదో విషము పుట్టి రోగము వచ్చునని చెప్పుచుండిరి. ఊరంతటికి ఒకే గాలి యైనప్పుడు ఒక విభాగమున హెచ్చుగాను, ఒక విభాగమున తక్కువగాను ఎట్లు వచ్చునని సెమ్మెల్వైసు ప్రశ్నించెను. జనసమ్మర్దమే కారణమని కొందరనిరి. చూడగా, అందరును కోరి చేరుచున్న రెండవ విభాగముననే సమ్మర్దము హెచ్చు. మొదటి విభాగమున స్త్రీలను వెల్లకిల పరుండబెట్టి, రెండవదాన ప్రక్కకు తిప్పి పరుండబెట్టి పురుడు పోయుచుండిరి. ఆయన మొదటిదానను ప్రక్కకే తిప్పించెను. చావులు తగ్గలేదు. చనిపోవుచున్నవారికి తుది సంస్కారము జరుపుటకు పురోహితుడు ముందు గంట మ్రోగించుకొనుచు మొదటి విభాగపు గదులన్నియు దాటి పోవుచుండెను. ఆ గంట విని భయపడి స్త్రీలు రోగము తెచ్చుకొనుచున్నారని ఒక ఊహ. ఆయన పురోహితుని వేడుకొని, గంట లేకుండ చుట్టుదారిన వచ్చునట్లు చేసెను. చావులు తగ్గలేదు. విదేశ విద్యార్థుల మోటుచేతులే కారణమని ఒక విచారణ సంఘము తేల్చి, విద్యార్థుల సంఖ్యను తగ్గించెను. అదియును నిలువలేదు. ఇట్లు ఒక్కొక్క ఊహను పట్టుకొని, పరీక్షించి, నిలువనిదానిని త్రోసివేయుచు పోయెను. తనకు తోచినది నిజమని పట్టుబట్టక, ప్రతిదానిని లెక్కతో తూచుట ఆయన మార్గము.

నడుమ కొన్ని నెలలు ఆ ఉద్యోగము పూర్వపు సహాయకునకు మరల చెందెను. 1847 మార్చి నెలలో, మనస్సుకు విశ్రాంతికై, ఆయన మిత్రులతో ఇటలీలోని వెనిసు నగరము చూచుటకు పోయెను. మార్చి 20న తిరిగివచ్చి ఉద్యోగమున చేరగనే ఒక దుర్వార్త విననయ్యెను. ఆయనకు ప్రాణమిత్రుడును, న్యాయవైద్య శాస్త్రమున ఆచార్యుడునగు కొల్లెచ్కా మరణించెను. ఒక శవపరీక్ష జరుగుచుండగా శిష్యుని చేతి కత్తి పొరపాటున ఆచార్యుని వ్రేలికి గ్రుచ్చుకొనెను. చిన్న గాయము. కాని చేయి వాచి, జ్వరము వచ్చి, కొలదిదినములలో ఆయన గతించెను. మిత్రుని శవపరీక్షా పత్రమును సెమ్మెల్వైసు చదివెను. కడుపులోని పొరల వాపు, రొమ్ములోని పొరల వాపు, చీము, ఒకటొకటిగా అన్నియు తనకు పరిచితములే. వందలకొలది బాలింతల శవములందు తాను చూచిన చిహ్నములే అవి.

కొల్లెచ్కా పురుషుడు, ప్రసవించినవాడు కాడు. అట్లయ్యు ఆయన బాలింతల రోగముతోనే పోయెను. కత్తి మొనమీద నున్న శవపదార్థము రక్తమున చేరుటచే ఆయన చచ్చినయెడల, బాలింతల రక్తమున అదే పదార్థమును చేర్చుచున్నదెవరు? ఈ ప్రశ్నకు ఉత్తరము ఆయన చేతులకే అంటియున్నది. వైద్యులును విద్యార్థులును ప్రతి ఉదయము శవములను కోసి, రోగకారణమును వెదకి, చేతులు సబ్బునీటితో పైపైన కడుగుకొని, తిన్నగా ప్రసూతి గదులకు వచ్చి స్త్రీలను లోపలి పరీక్ష చేయుచుండిరి. కడిగినను ఆ చేతులను శవపు వాసన విడువకుండెను. మంత్రసానులు శవములను కోయరు. అందుచేతనే రెండవ విభాగమున చావులు తక్కువ. వీధిలో ప్రసవించిన స్త్రీని ఎవరును పరీక్షింపలేదు. అందుచేతనే ఆమె బ్రదికినది. విప్పుకొనక యున్న చిక్కులన్నియు ఒక్కసారి వీడిపోయెను.

ఈ సత్యము సెమ్మెల్వైసునకు సంతోషము కలిగింపలేదు. జ్వరకారణమును కనుగొనవలెనను పట్టుదలతో అందరికంటె ఎక్కువ శవములను కోసినవాడు ఆయనయే. ఎంత శ్రద్ధగా వెదకెనో అంత ఎక్కువగా చావును మోసికొని వచ్చెను. తన చేతివలన అకాలముగా సమాధి చేరిన స్త్రీలెందరో భగవంతునకే ఎరుకయని ఆయన తరువాత తన గ్రంథమున నిస్సంకోచముగా ఒప్పుకొనెను. పరుల దోషమును చూపుట సులభము. తన చేతినే దోషిగా నిలుపుట మహాపురుషులకు గాని సాధ్యము కాదు.

1847 మే నెల నడుమ ఆయన ఒక నియమమును విధించెను. శవపరీక్షాశాలనుండి వచ్చు ప్రతివాడును ప్రసూతి గది వాకిట నుంచిన ద్రావకమున చేతులు బాగుగా తోముకొని గాని లోనికి పోరాదు. మొదట క్లోరిన్ నీటిని వాడెను. అది ఖరీదైనదగుటచే తరువాత క్లోరిన్ కలిపిన సున్నపు పొడిని నీట కలిపి వాడించెను. ఇది నూతుల నీటిని శుభ్రపరచుటకు చల్లు బ్లీచింగు పొడియే. శవపు వాసనను పోగొట్టునది ఆ వాసనకు మూలమైన పదార్థమును గూడ పోగొట్టునని ఆయన తర్కము. సూక్ష్మక్రిములే ఇట్టి రోగములకు కారణమని అప్పటికి వైద్యలోకము ఎరుగదు.

ఆ ఏప్రిల్ నెలలో మొదటి విభాగమున 312 కాన్పులకు 57 మంది, అనగా నూటికి పదునెనిమిదిమంది, మరణించియుండిరి. జూన్ నెలలో 268 కాన్పులకు ఆరుగురు మరణించిరి. జూలైలో 250 కాన్పులకు ముగ్గురు మాత్రమే. 1848 సంవత్సరమంతయు చూడగా 3,556 కాన్పులకు 45 మంది, అనగా నూటికి ఒకరికంటె కొంచెము హెచ్చు. ఆ సంవత్సరము మార్చి నెలయందును, ఆగస్టు నెలయందును మొదటి విభాగమున ఒక్క తల్లియైనను మరణింపలేదు. మోకాళ్లమీద పడి ఏడ్చి తప్పించుకొనజూచిన ఆ గదులే మంత్రసానుల గదులతో సమానమయ్యెను. ఇందులకైన వ్యయము కొంత పొడి, కొంత నీరు, కొంత ఓపిక.

1847 అక్టోబరులో గర్భాశయమున పుండు కుళ్లి చీము కారుచున్న ఒక స్త్రీ చేరెను. వైద్యులు ఆమెను ముందుగా పరీక్షించి, సబ్బుతో మాత్రము చేతులు కడుగుకొని, వరుసగా నున్న ఇతర స్త్రీలను పరీక్షించిరి. ఆ వరుసలోని పెక్కుమంది జ్వరమున మరణించిరి. శవమే కాదు, జీవించియున్న దేహమున కుళ్లిన పదార్థము గూడ మృత్యువును మోయునని సెమ్మెల్వైసు గ్రహించెను. ఒక రోగిని ముట్టిన ప్రతిసారియు చేతులు కడుగవలెనని నియమమును మార్చెను. తన సిద్ధాంతమును తానే సరిదిద్దుకొనెను.

ఇంత స్పష్టమైన ఫలితమును చూచి లోకమంతయు సంతోషించి అంగీకరించునని తలంచుట సహజము. అట్లు జరుగలేదు. ఆచార్య క్లైను దీనిని నమ్మలేదు. పెద్ద వైద్యులు తమ చేతులే చావునకు కారణమను మాటను సహింపలేకపోయిరి. ఒక రోగమునకు అనేక కారణములుండునని నేర్చినవారికి, సూతికాజ్వరమునకు కారణమొక్కటే యనుట మొండితనముగా తోచెను. చేతిమీద కంటికి కనబడని పదార్థము ఇంత కీడు చేయునని నిరూపించు సాధనము లేకుండెను. బెర్లినులోని ప్రఖ్యాత పండితుడు విర్ఖో సహితము అంగీకరింపలేదు. అంగీకరించినవారిలో కీలు నగరపు ఆచార్యుడు మిఖాయేలిస్ ముఖ్యుడు. ఆయన చేతులు కడుగు నియమమును పెట్టి ఫలితమును చూచెను. తాను పురుడు పోసిన దగ్గరి బంధువు ఈ జ్వరముననే మరణించియుండుటచే, ఆ చావు తన చేతి వలననే కలిగెనని తెలిసికొని, ఆ దుఃఖమునకు తాళలేక 1848లో ఆత్మహత్య చేసికొనెను. ఈ సత్యమును నమ్ముటకు ఎంత గుండెదిటవు కావలెనో ఈ ఒక్క ఉదాహరణము చాలును.

సెమ్మెల్వైసు దోషము కూడ ఇందు కొంత కలదు. వ్రాత యనిన ఆయనకు గల విముఖత ఇచ్చట అడ్డుపడెను. తాను కనుగొన్నదానిని ఆయన వెంటనే వ్రాసి ప్రకటింపలేదు. 1847 డిసెంబరులోను, 1848 ఏప్రిల్‌లోను మిత్రుడు హెబ్రా ఆయన పక్షమున పత్రికలో వ్రాసెను. 1849లో ష్కోడా ఉపన్యసించెను. ఇతరుల నోట వెలువడిన మాట సగము అర్థమై, సగము వక్రమై దేశములు తిరిగెను. శవపదార్థము మాత్రమే కారణమని సెమ్మెల్వైసు చెప్పుచున్నాడని పెక్కురు పొరపడిరి. 1850 మే నెలలో వియన్నా వైద్య సంఘము ఎదుట ఆయన స్వయముగా ప్రసంగించెను గాని దానిని గ్రంథముగా వెలువరింపలేదు. మాట గాలిలో పోవును, వ్రాసినది నిలుచును. ఇది గ్రంథాలయమును నడుపువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1848లో వియన్నాయందును హంగరీయందును రాజ్యవిప్లవములు చెలరేగెను. విద్యాలయమున పాత పెద్దలకును కొత్తవారికిని నడుమ వైరము పెరిగెను. 1849 మార్చిలో సెమ్మెల్వైసు ఉద్యోగకాలము ముగియగా ఆచార్య క్లైను దానిని పొడిగింపలేదు. ఆయన ఎంతో ప్రయత్నింపగా 1850 అక్టోబరులో బోధనాధికారమును ఇచ్చిరి గాని, బొమ్మమీద మాత్రమే పాఠము చెప్పవలెనని హద్దు పెట్టిరి. అవమానమును సహింపలేక ఐదు దినములలో, ఆప్తమిత్రులకైనను చెప్పకుండ, వియన్నాను విడిచి పెస్టునకు వెడలిపోయెను. ఆయన పక్షమున పోరాడిన మిత్రుల మనస్సు దీనితో నొచ్చెను.

పెస్టు నగరములో 1851 మే నెలలో సెంటు రోకసు వైద్యశాలయందు ప్రసూతి విభాగపు భారమును జీతము లేకుండ వహించెను. ఆరు సంవత్సరములు అచ్చట పనిచేయగా 933 కాన్పులలో ఎనిమిదిమంది మాత్రమే సూతికాజ్వరమున మరణించిరి. 1855లో పెస్టు విశ్వవిద్యాలయమున ప్రసూతి వైద్య ఆచార్యుడయ్యెను. అచ్చట చేతులు మాత్రమే గాక పరికరములును, పరుపు దుప్పట్లును శుభ్రముగా నుండవలెనని పట్టుబట్టెను. ఉదుకని దుప్పట్లను మరల పరచుటచే జ్వరము వచ్చినప్పుడు అధికారులతో పోరాడి వాటిని మార్పించెను. 1857లో మరియా వైడెన్‌హోఫర్ అను కన్యను వివాహమాడెను. ఐదుగురు బిడ్డలు కలిగిరి. వారిలో ఇరువురు శైశవముననే పోయిరి. ఆ సంవత్సరముననే జూరిచ్ విశ్వవిద్యాలయము ఆచార్య పదవికి పిలువగా, స్వదేశమును విడువనొల్లక నిరాకరించెను.

తుదకు 1858 మొదలు హంగేరియను పత్రికలో వ్రాయుట కారంభించెను. 1861 సంవత్సరపు ముద్రతో జర్మను భాషలో ఆయన మహాగ్రంథము వెలువడెను. సూతికాజ్వరపు కారణము, స్వరూపము, నివారణోపాయము అందలి విషయములు. కనుగొనిన పదునాలుగేండ్లకు గాని గ్రంథము పుట్టలేదు. అప్పటికి ప్రతిపక్షుల మనస్సులు గట్టిపడియుండెను. పుస్తకమున పట్టికలు గలవు, లెక్కలు గలవు, సత్యము గలదు. కాని చదువరికి ఓపిక పెట్టు నేర్పు లేదు. తన మాటను మన్నింపని ఆచార్యులకు ఆయన బహిరంగ లేఖలు వ్రాసి, ఇంకను చేతులు కడుగకుండ శిష్యులకు బోధించుట హత్యయేయని నిందించెను. కోపము న్యాయమైనదే. చచ్చుచున్నవారు వేలకొలది తల్లులు. కాని తిట్టినవాని మాట వినువారు లోకమున అరుదు. ఆ లేఖలు శత్రువులను హెచ్చించెనే గాని మార్పలేదు.

1865 నాటికి ఆయన ప్రవర్తన మారిపోయెను. మతిమరపు, కోపము, నిలకడలేమి కనబడెను. ఇందుకు కారణమేమను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఆ జూలై నెల చివర భార్యయును మిత్రులును ఆయనను వియన్నాకు తోడ్కొనిపోయిరి. పాత మిత్రుడు హెబ్రా తన వైద్యశాలను చూపుదునని చెప్పి ఆయనను పిచ్చివారి ఆసుపత్రిలో చేర్చెను. మోసము తెలిసి ఆయన పెనుగులాడెను. ఒంటిమీద గాయములయ్యెను, పరిచారకుల దెబ్బలే అందులకు కారణమని పెక్కురి నిర్ణయము. గాయము కుళ్లి, విషము రక్తమున ప్రవేశించి, 1865 ఆగస్టు 13వ తేదీన, నలువది యేడేండ్ల వయస్సున, ఆయన మరణించెను. కొల్లెచ్కాను చంపినదే, వియన్నా బాలింతలను చంపినదే, తాను జీవితమంతయు ఎదిరించినదే, ఆయననును చంపెను.

దైవఘటన యననేమి! ఆయన మరణమునకు ముందటి దినముననే, అనగా ఆగస్టు 12వ తేదీన, స్కాట్లాండులోని గ్లాస్గో నగరమున జోసఫు లిస్టరు అను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద పడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లము పెట్టి కట్టు కట్టెను. కాలు కుళ్లలేదు, బాలుడు నడచి ఇంటికి పోయెను. లిస్టరునకు అప్పుడు సెమ్మెల్వైసు పేరైనను తెలియదు. పాశ్చరు వ్రాతలు చదివి ఆయన వేరుదారిన ఆ సత్యమునకే చేరెను. 1879లో పారిసు వైద్య పరిషత్తునందు ఒక పండితుడు సూతికాజ్వరమునకు ఏవేవో కారణములు చెప్పుచుండగా, పాశ్చరు లేచి, నల్లబల్లమీద పూసల దండవంటి సూక్ష్మక్రిమి బొమ్మను గీసి, ఇదిగో కారణమని చూపెను. వైద్యులే ఆ క్రిమిని రోగినుండి బాలింతకు మోయుచున్నారని చెప్పెను. సెమ్మెల్వైసు చేతిమీద ఉన్నదని తర్కించినదానికి అట్లు రూపము దొరకెను.

అటుపిమ్మట గౌరవములు రాసాగెను. 1891లో ఆయన అస్థులను వియన్నానుండి బుడాపెస్టునకు తెచ్చిరి. 1906లో శిలావిగ్రహము నిలిపిరి. 1969లో బుడాపెస్టు వైద్య విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. ఆయన పరిశోధన పత్రములను 2013లో యునెస్కో సంస్థ లోకమంతయు కాపాడుకొనవలసిన స్మృతిసంపదలో చేర్చెను. బ్రదికియున్నప్పుడు వినని మాటకు చచ్చిన పిమ్మట పూలదండలు వేయుట లోకరీతి.

సోదరులారా! ఆయనకంటె ముందు గూడ ఈ మాట చెప్పినవారు కలరు. 1795లో స్కాట్లాండులోని అబర్డీను పట్టణమున అలెగ్జాండరు గోర్డను అను వైద్యుడును, 1843లో అమెరికాలో ఆలివరు వెండెలు హోమ్సు అను వైద్యుడును, ఈ జ్వరమును వైద్యులును మంత్రసానులును ఇంటినుండి ఇంటికి మోయుచున్నారని వ్రాసిరి. వారి మాటయు చాలమంది చెవికెక్కలేదు. సత్యము పుట్టుట ఒక ఘట్టము, అది ఊరూరికి చేరుట మరియొక ఘట్టము. మొదటిది ప్రతిభావంతుని పని. రెండవది చదువువారి పని, చదివించువారి పని. ఒక పుస్తకము బీరువాలో మూసియున్నంతకాలము అందలి సత్యము పుట్టనట్లే.

కనుక ఈ చరిత్ర విన్నవారికి భారమైన వ్రతమేదియు లేదు. ఏ ఇంట పురుడు వచ్చినను, ఆసుపత్రినుండి తల్లీబిడ్డలు తిరిగివచ్చినను, చూడవచ్చు చుట్టములు ముందుగా సబ్బుతో చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. బిడ్డను ఎత్తుకొను తాతగారైనను, పథ్యము వడ్డించు అత్తగారైనను, మందిచ్చు వైద్యుడైనను ఇందుకు మినహాయింపు కారు. చేతులు కడుగుకొమ్మని చిన్నవారు చెప్పినచో పెద్దలు కోపపడరాదు. వియన్నా ఆచార్యులు కోపపడినందులకు చెల్లించిన మూల్యము వేలకొలది తల్లుల ప్రాణములు.

మృత్యువు దూరమునుండి వచ్చుచున్నదని లోకమంతయు ఆకాశమును చూచుచుండగా, ఒక్క మనుష్యుడు తల వంచి తన చేతులను చూచికొనెను. ఆయన గొప్పతనమంతయు అందే గలదు.

స్వస్తి.